సముద్రం ఇచ్చిన గడువులో ఏం చేశారు?

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం సభలో మాట్లాడినది. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసల వాళ్ళకి వినపడుతోందా? సరే.

ముందు ఒక ముక్క తేల్చేసి మొదలుపెడతాను. ఇందాక మెట్లెక్కి వస్తుంటేనే ఇద్దరు ఆపి అడిగారు, "మాస్టారూ, మన బెజవాడకి సునామీ వస్తుందంటారా" అని. రాదండీ. బందరే ఇక్కడికి 70 కిలోమీటర్లు, సునామీ ఎంత పెద్దదైనా నేల మీద అంత దూరం రాలేదు. మనల్ని ముంచేవి కృష్ణ, బుడమేరు, ఆ సంగతి 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌లో డాబాల మీద కూర్చున్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. అయితే ఇప్పుడు నేనొకటి అడుగుతాను. సూర్యలంక గానీ మంగినపూడి గానీ చీరాల ఓడరేవు గానీ, ఈ బీచ్‌లకి ఒక్కసారి కూడా వెళ్ళనివాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. (నవ్వులు) ఒక్క చెయ్యీ లేవలేదు. మరి ఊరికి భయం లేదు గానీ ఊళ్ళోవాళ్ళకి ఉన్నట్టే కదా.

2004 డిసెంబరు 26. ఆదివారం, పైగా పౌర్ణమి. పుణ్యస్నానాలకని మంగినపూడికి జనం వెళ్ళారు, అలా నీళ్ళలోకి దిగిన ఆడవాళ్ళూ పిల్లలూ కొట్టుకుపోయారు. మన రాష్ట్రంలో ఆ రోజు మొత్తం 100 మందికి పైగా పోయారు. తమిళనాడులో ఒక్క నాగపట్నం జిల్లాలోనే 6,000 మంది. దేశం మొత్తం మీద చనిపోయినవాళ్ళు 10,000 పైన, ఆచూకీ లేనివాళ్ళు ఇంకో 5,000 పైన. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నీ కలిపితే 2,25,000 పైమాటే.

ఈ అంకెల పక్కన ఇంకో అంకె పెట్టుకోండి. సుమత్రా దగ్గర భూమి కదిలింది మన టైములో పొద్దున్న 6.29కి. మన ఒడ్డుకి నీళ్ళొచ్చింది సుమారు 9 గంటలకి. రెండున్నర గంటలు! నేను ఇవాళ మాట్లాడదామనుకున్నది దీని గురించే. ఫలానా ఏడాది ఫలానా చోట ఇన్ని మీటర్ల కెరటం, ఇంతమంది అని వరసపెట్టి చెప్పుకుంటూ పోవచ్చు, అది మీ ఫోన్లో కొడితే వస్తుంది, దానికి నేనెందుకు? నాకు అందులో కొట్టొచ్చినట్టు కనపడింది ఏంటంటే, దాదాపు ప్రతి సునామీలోనూ మొదటి సూచనకీ నీళ్ళొచ్చి మీద పడడానికీ మధ్య ఎంతో కొంత గడువు ఉంది. ఆ గడువులో మనుషులు ఏం చేశారు అన్నది చూస్తే, ఎవరు బతికారో ఎవరు పోయారో చాలావరకు అక్కడే తేలిపోయింది.

కొంచెం ఫిజిక్స్ చెప్పుకోవాలి, తప్పదు. పిల్లలు కదలకుండా కూర్చుంటే ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

కృష్ణా జిల్లాలో సముద్రం పొంగడం అనగానే 1977 నవంబరు 19, దివిసీమ, గుర్తొస్తుంది. అది తుపాను ఉప్పెన. గాలి నీళ్ళని తోసుకొచ్చి ఊళ్ళ మీద వేసింది. కోరంగిని 1789లోనూ 1839లోనూ తుడిచిపెట్టినది కూడా తుపాను ఉప్పెనే, కొందరు తెలియక వాటిని సునామీల జాబితాలో వేసేస్తుంటారు. తుపానుకి ముందు మబ్బు పడుతుంది, ఈదురుగాలి లేస్తుంది, రేవులో జెండా ఎగరేస్తారు. సునామీకి ఆకాశంతో పనే లేదు. ఎండ కాస్తుంటుంది, పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటారు.

సుమత్రా నుంచి అండమాన్ దాకా సముద్రం అడుగున మన భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తున్న పెద్ద రాతి పలక, పక్కనున్న ఫలకం కిందకి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున దూరుతూ ఉంటుంది. దూరే చోట రెండూ పట్టేసుకుంటాయి. పట్టేసుకున్నా కిందది ఆగదు కదా, పైదాని అంచుని కూడా లాక్కుంటూ పోతుంది, అది వంగుతుంది, వందల ఏళ్ళపాటు వంగుతూనే ఉంటుంది. పిల్లలు బల్ల అంచున ప్లాస్టిక్ స్కేలు పెట్టి వంచి వదిలేస్తారే, అలా ఒక రోజు పట్టు జారి పైకి తన్నుతుంది. 2004లో ఆ జారడం 1,200 కిలోమీటర్ల పైన పొడవునా, పది నిమిషాల్లో జరిగిపోయింది. దాని మీదున్న సముద్రం అడుగు నుంచి పైదాకా మొత్తం లేచింది. మామూలు కెరటాన్ని గాలి పైపైన మాత్రమే కదుపుతుంది, ఇక్కడ కిలోమీటర్ల లోతున్న నీళ్ళన్నీ కదులుతున్నాయి. 4,000 మీటర్ల లోతులో దీని వేగం గంటకి 700 కిలోమీటర్లు. అంత వేగంతో పోతున్నా పైనున్న ఓడకి తెలియదు, ఎందుకంటే ఎత్తు ఉండదు. ఆ రోజు రెండు గంటల తర్వాత జేసన్-1 అనే ఉపగ్రహం అటుగా వెళ్తూ కొలిస్తే నడిసముద్రంలో ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. ఒడ్డుకి వచ్చేకొద్దీ లోతు తగ్గి, ముందున్న నీళ్ళు నెమ్మదిస్తే వెనకవి వచ్చి దాని మీద ఎక్కుతాయి. అప్పుడు లేస్తుంది. ఇంకొక్కటి: సునామీ అంటే ఒక్క కెరటం కాదు. ఒకదాని వెనక ఇంకోటి రావడానికి పావుగంట పట్టొచ్చు, గంట పట్టొచ్చు, రెండోదో మూడోదో మొదటిదానికంటే పెద్దది అవ్వొచ్చు. ఈ ముక్కతో మనకి చాలా పనుంది.

సరే, లిస్బన్ వెళ్దాం. 1755 నవంబరు 1, పోర్చుగల్ రాజధాని. క్రైస్తవుల పెద్ద పండగ, పొద్దున్న జనం చర్చీల్లో ఉన్నారు. భూకంపం. చర్చీలు కూలాయి, వెలిగించిన కొవ్వొత్తులు పడి మంటలు లేచాయి. ఇళ్ళు మీద పడతాయేమోనని బతికినవాళ్ళు ఎటు పరిగెత్తారు? నది ఒడ్డున విశాలంగా ఉన్న రేవు దగ్గరికి. పాపం వాళ్ళ బుద్ధిలో తప్పేం లేదు, ఖాళీ స్థలం అదే. సుమారు 40 నిమిషాలకి అక్కడికే నీళ్ళొచ్చాయి. తర్వాత మంత్రి పొంబాల్ ఊరూరికీ ఒక ప్రశ్నల కాగితం పంపాడు, భూకంపం ఎంతసేపు ఉంది, ఎంతమంది పోయారు, సముద్రం ముందు పెరిగిందా, తగ్గిందా అని. ఆ చివరి ప్రశ్న ఎంత తెలివైనదో కాసేపట్లో చెబుతాను.

జపాన్‌లో 1896 జూన్ 15, సన్‌రికు తీరం. రాత్రి ఏడున్నరకి నేల కొంచెం ఊగింది. అక్కడివాళ్ళకి భూకంపాలు అలవాటే, పైగా ఇది మెల్లగా ఊగి ఆగిపోయింది, ఆ రోజు పండగ కూడానూ, ఎవరూ లెక్కచెయ్యలేదు. 35 నిమిషాలకి కెరటాలొచ్చి దాదాపు 22,000 మందిని తీసుకుపోయాయి. వేటకి వెళ్ళిన జాలర్లకి సముద్రంలో ఏమీ తెలియలేదు, వెనక్కి వచ్చి చూస్తే ఊరు లేదు. ఊపు తక్కువ, సునామీ పెద్దది, ఇలాంటి భూకంపాలు కూడా ఉంటాయి. ఫలకాలు గబుక్కున కాకుండా నిదానంగా జారితే మన కాళ్ళకి తెలిసేది కొంచెమే, నీళ్ళకి తెలిసేది మొత్తం.

ఇక గడువు బాగా ఎక్కువున్న కేసు, నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది. 1960 మే 22న చిలీలో 9.5 భూకంపం వచ్చింది. పరికరాలతో కొలవడం మొదలయ్యాక ఇంతకంటే పెద్దది లేదు. హవాయిలో హీలో అనే ఊరికి కెరటం చేరడానికి 15 గంటలు పట్టింది. హీలో వాళ్ళేం అమాయకులు కారు, 1946 ఏప్రిల్ 1న అలాస్కా వైపు నుంచి వచ్చిన సునామీలో హవాయి దీవుల్లో 159 మంది పోయారు, కొందరు అది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారట. ఆ దెబ్బతోనే 1949లో అక్కడ హెచ్చరిక కేంద్రం పెట్టారు. 1960లో కేంద్రం పని చేసింది, సైరన్ సాయంత్రం ఎనిమిదిన్నరకే మోగింది. అర్ధరాత్రి దాటాక మొదటి కెరటం చిన్నదే వచ్చింది. ఇంతేనా అనుకుని వెళ్ళినవాళ్ళలో కొందరు వెనక్కొచ్చారు, కొందరైతే చూద్దామని వంతెనల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఒంటిగంట దాటాక అసలుది వచ్చింది. 61 మంది. ఇంకో ఏడు గంటలకి అదే సునామీ జపాన్ చేరింది, భూకంపం జరిగి 22 గంటలయ్యాక, అక్కడ సుమారు 140 మంది. ఒక రోజు గడువు ఉండి కూడా!

2004లో మన సంగతి అంతకంటే మేలేం కాదు. కార్ నికోబార్‌లోని ఎయిర్‌ఫోర్స్ బేస్ నుంచి దీవి మునిగిపోతోందన్న కబురు పొద్దున్న ఎనిమిది లోపే చెన్నై యూనిట్‌కి అందింది. ఢిల్లీలో వాతావరణ శాఖ ఫ్యాక్సు పాత మంత్రిగారింటికి వెళ్ళిందని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. చూడబోతే కబురు ఉంది, గంట పైన టైమూ ఉంది, నాగపట్నం ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాడికి ఆ కబురు చేర్చే దారి మాత్రం లేదు. హిందూ మహాసముద్రంలో హెచ్చరిక వ్యవస్థే అప్పటికి లేదు. ఇది సునామీలు వచ్చే రకం సముద్రం కాదని అనుకున్నారు. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు బంగాళాఖాతం చుట్టూ రేవుల్లోని నీటిమట్టం కొలిచే పరికరాల్లో చిన్న సునామీ నమోదైంది. ఆ రికార్డులు భద్రంగానే ఉన్నాయి, చదివిందెవరు?

2004లో అదే రోజు ఇంకో చోట చూడండి. సిమెలూ అని సుమత్రా పక్కన ఒక దీవి, భూకంపం పుట్టిన చోటికి దగ్గర్లోనే. వాళ్ళకి కెరటం రావడానికి ఎనిమిది పది నిమిషాలు పట్టిందంతే. దీవిలో జనం 78,000. పోయింది ఏడుగురు. సైరన్ లేదు, రేడియో లేదు. 1907లో అక్కడ ఒక సునామీ వచ్చింది, దాన్ని వాళ్ళు స్మాంగ్ అంటారు. నేల గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కెయ్యండి అని అమ్మమ్మలు పాటల్లో పెట్టి పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు పాడుతూ వచ్చారు. దాదాపు నూరేళ్ళు. పొద్దున్న నేల ఊగగానే ఎవరో స్మాంగ్ అని అరిచారు, అందరూ కొండెక్కేశారు.

ఈ కథ చాలామంది చెబుతారు, నేనూ చెప్పాను. కానీ దీన్ని ఉన్నదున్నట్టు తెచ్చి మన ఒడ్డున పెడితే ప్రమాదం, ఇక్కడే పొంబాల్ అడిగిన ప్రశ్న పనికొస్తుంది. 2004లో ఫలకం అంచు పైకి లేచింది పడమటి వైపు, అంటే మన వైపు. తూర్పు వైపు, థాయ్‌లాండ్ వైపు, సముద్రం అడుగు కుంగింది. అందుకని థాయ్‌లాండ్‌లో ముందు సముద్రం వెనక్కి పోయింది. ఫుకెట్‌లో పదేళ్ళ ఇంగ్లీషు అమ్మాయి టిల్లీ స్మిత్, రెండు వారాల ముందే క్లాసులో పాఠం విని ఉండడంతో, అది చూసి అమ్మానాన్నల్ని గొడవపెట్టి బీచ్ ఖాళీ చేయించింది. మనకీ శ్రీలంకకీ వచ్చింది తలకిందులుగా, ముందు పెరిగిన నీళ్ళే వచ్చాయి, ఆ తర్వాత వెనక్కి పోయాయి. అంటే సుమత్రా, అండమాన్ వైపు నుంచి మళ్ళీ వస్తే, సముద్రం వెనక్కి పోయాక పారిపోదాంలే అని సూర్యలంకలో నిలబడ్డవాడికి ఆ సూచన రాకపోవచ్చు. సముద్రం వెనక్కి పోతే పరిగెత్తండి, నిజమే. పోలేదు కదా అని మాత్రం నిలబడకండి.

సునామీ అంటే ఒక్క కెరటం కాదని ఇందాక అన్నానే, శ్రీలంకలో పెరలియా దగ్గర రైలు సంగతి అదే. మనది రైల్వే జంక్షన్ ఊరు కాబట్టి చెప్పాలి. కొలంబో నుంచి గాలె వైపు పోయే రైలు, సెలవు రోజు కావడంతో కిక్కిరిసి ఉంది. మొదటి కెరటం వచ్చి పట్టాల మీద నీళ్ళు చేరేసరికి రైలు ఆగిపోయింది. పక్క ఊరివాళ్ళు రైలైతే బరువుగా ఉంటుంది, కదలదు అని పెట్టెల్లోకీ పైకీ ఎక్కారు, పిల్లల్ని ఎక్కించారు. తర్వాత వచ్చిన పెద్ద కెరటం పెట్టెల్ని దొర్లించేసింది. 1,700 మందికి పైగా పోయారు, ప్రపంచంలో ఇంతకంటే పెద్ద రైలు ప్రమాదం లేదు. రెండు కెరటాల మధ్య దొరికిన గడువులో లోపలికి నడిచి ఉంటే... సరే, ఇక్కడ కూర్చుని మనం ఎన్నైనా అంటాం.

మన కోస్తా ఎందుకు కొంత తప్పించుకుంది అని అడుగుతారు. పగిలిన గీత ఉత్తర దక్షిణాలుగా ఉంది, దాని బలం ఎక్కువగా తూర్పుకీ పడమరకీ పోతుంది. పడమర దారిలో శ్రీలంక, తమిళనాడు ఉన్నాయి. మనం వాయవ్యంగా కొంచెం పక్కకి ఉన్నాం. ఉత్తరాన ఉన్న బంగ్లాదేశ్ అంత పల్లపు దేశమై ఉండీ ఇద్దరినే కోల్పోయింది. ఈసారి పగిలే గీత ఇంకా ఉత్తరాన, అండమాన్ పైభాగంలో ఉంటే లెక్క మారుతుంది.

2011 మార్చి 11 జపాన్ గురించి గంటసేపు మాట్లాడొచ్చు. గోడలు కట్టారు, డ్రిల్లులు చేశారు, అయినా 18,000 మందికి పైగా చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. తారో అనే ఊరికి 10 మీటర్ల గోడ ఉంది, నీళ్ళు దాని మీంచి దూకాయి. గోడ ఉంది కదా అని ఇళ్ళలో ఉండిపోయినవాళ్ళున్నారు. ఫుదాయ్ అనే ఊళ్ళో మేయరు కోతోకు వామురా పదిహేనున్నర మీటర్ల గేటు కట్టించాడు, డబ్బు తగలేస్తున్నాడని జనం తిట్టారు, ఆయన 1997లో పోయాడు, 2011లో ఊరు నిలబడింది.

నాకు మాత్రం రెండు బళ్ళు గుర్తుంటాయి. ఇషినోమాకి దగ్గర ఒకావా ప్రాథమిక పాఠశాల. సముద్రానికి దాదాపు 4 కిలోమీటర్ల లోపల, నది పక్కన. నాగాయలంక, అవనిగడ్డ వాళ్ళెవరైనా ఉంటే ఇది గట్టిగా వినాలి, సునామీ ఏటిమొగలోంచి నది వెంబడి లోపలికి ఎక్కుతుంది. భూకంపం 2.46కి, నీళ్ళు బడికొచ్చింది 3.37కి. బడి వెనకే కొండ. పిల్లల్ని గ్రౌండులో వరసగా నిలబెట్టి, కొండెక్కిద్దామా, చెట్లు పడతాయేమో, ఎటు తీసుకెళ్దామని పెద్దవాళ్ళు చర్చించుకుంటూ ఉండిపోయారు. చివరికి కదిలింది నది వైపు కాస్త ఎత్తుగా ఉన్న చోటికి. 74 మంది పిల్లలు, 10 మంది టీచర్లు పోయారు. తల్లిదండ్రులు కోర్టుకెళ్ళి గెలిచారు. రెండోది కమాయిషి. అక్కడ పిల్లలకి ఏళ్ళ తరబడి నేర్పింది ఒకటే, ఎవరి కోసమూ ఆగకండి, ఇక్కడిదాకే మునుగుతుందని మ్యాపులో గీసినదాన్ని నమ్మకండి, ఇంకా ఎత్తుకి పోండి అని. ఊపు ఆగగానే హైస్కూలు పిల్లలు పరిగెత్తారు, వాళ్ళని చూసి పక్క బడి చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ చేతులు పట్టుకుని. ముందే నిర్ణయించిన చోటికి చేరాక కూడా ఆగలేదు, ఇంకా పైకి, అక్కడి నుంచి ఇంకా పైకి. ఆ రెండు బళ్ళ పిల్లలు దాదాపు 570 మంది, బళ్ళో ఉన్నవాళ్ళంతా బతికారు. వాళ్ళు మొదట ఆగిన చోటు మునిగిపోయింది.

గడువే లేని సునామీలూ ఉన్నాయి. 2018 సెప్టెంబరులో ఇండోనేషియా పాలూలో భూకంపం తర్వాత కొన్ని నిమిషాలకే నీళ్ళొచ్చాయి. అదే ఏడాది డిసెంబరు 22 రాత్రి అనక్ క్రకటోవా అగ్నిపర్వతం ఒక పక్క విరిగి సముద్రంలో పడింది, భూకంపమే లేదు కాబట్టి హెచ్చరికా లేదు, 400 మందికి పైగా పోయారు. 1883లో 36,000 మందిని తీసుకున్న క్రకటోవా ఉన్న చోటే అది. అలాంటివాటికి ఇవాళ్టికీ మంచి జవాబు లేదు.

మన జవాబు హైదరాబాద్‌లో ఉంది. సముద్రం లేని ఊళ్ళో. (నవ్వులు) ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థలో 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం నడుస్తోంది. భూకంపం వచ్చిన పది నిమిషాల్లో మొదటి బులెటిన్ ఇస్తారు, సముద్రం అడుగున నీటి ఒత్తిడి కొలిచే పరికరాలు చూసి నిజంగా కెరటం పుట్టిందో లేదో తేలుస్తారు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 వచ్చింది, అయితే ఫలకాలు పక్కకి ఒరుసుకున్నాయి, పైకి లేవలేదు, అందుకని పెద్ద సునామీ పుట్టలేదు. హెచ్చరిక నికోబార్ వైపుకే ఇచ్చి ప్రధాన తీరాన్ని అనవసరంగా ఖాళీ చేయించలేదు, అది వాళ్ళ గొప్ప పనే. హైదరాబాద్ నుంచి కలెక్టరేటు దాకా కబురు వస్తుంది, దాని మీద నాకు పెద్దగా అనుమానం లేదు. కలెక్టరేటు నుంచి గుడిసె దాకా వచ్చే చివరి ఐదు కిలోమీటర్ల మీదే నాకు బెంగ. ఒడిశాలో వెంకటరాయపూర్, నోలియాసాహి అనే రెండు ఊళ్ళు 2020లో డ్రిల్లులు చేసి, దారులు గీసుకుని, యునెస్కో గుర్తింపు తెచ్చుకున్నాయి. అవీ జాలరి పల్లెలే.

ఇంక నేను ఆపుతాను, అడగండి.

(ఒక విద్యార్థి: వాట్సాప్‌లో ఫలానా తేదీన సునామీ అని వస్తుంటాయి కదా సార్?)

డిలీట్ చెయ్ బాబూ. భూకంపం ఏ రోజున వస్తుందో చెప్పగలిగినవాడు ఇప్పటిదాకా పుట్టలేదు. వచ్చాక కెరటం ఎన్ని గంటలకి ఎక్కడికి చేరుతుందో మాత్రం నిమిషాల లెక్కన చెప్పగలరు.

(ఒక మహిళ: పిల్లలతో సూర్యలంకలో ఉన్నప్పుడు వస్తే ఎటు వెళ్ళాలండీ? అక్కడ కొండ ఏదీ లేదుగా.)

మంచి ప్రశ్నమ్మా. కొండ లేదు, నిజమే. కానీ సుమత్రా నుంచి అయితే మీకు రెండు గంటలు ఉంటాయి, పిల్లల్ని నడిపించుకుంటూ బాపట్ల వైపు మూడు నాలుగు కిలోమీటర్లు లోపలికి రావడానికి అది చాలా ఎక్కువ టైము. కారు తీస్తే ఆ రోడ్డు మీద ఇరుక్కుపోతారు, ఆదివారం సాయంత్రం అక్కడ ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. టైము లేదనిపిస్తే గట్టి కాంక్రీటు భవనం, తుపాను షెల్టరు గానీ హోటలు గానీ, పై అంతస్తు ఎక్కెయ్యండి. మొదటి కెరటం పోయిందని చెప్పుల కోసం, ఫోన్ల కోసం దిగొద్దు. 2004లో మన రేవుల్లో నీళ్ళు మర్నాడు కూడా ఊగుతూనే ఉన్నాయి. అధికారులు పర్లేదన్నాకే దిగండి, ఆలస్యమైతే అవుతుంది. ఆ వెనక ఎవరో చెయ్యెత్తారు, మైకు అటివ్వండి.